తిత్తి తెలిపిన సత్యం

సాయంకాలంవేళ రోడ్డు పక్కన మొక్కజొన్న కంకులు కాల్చి అమ్మేవారిని చూడండి. ఇనుప మూకుడులో బొగ్గులు నివురుగప్పి ఉంటాయి. బేరం రాగానే అమ్మే మనిషి పక్కనున్న చిన్న చక్రాన్ని నాలుగుసార్లు గిరగిర తిప్పుతాడు. దానికి తగిలించిన రెక్కల పంకా, గొట్టం గుండా గాలిని బొగ్గుల అడుగుకు కొడుతుంది. క్షణంలో నివురు ఎగిరిపోయి బొగ్గులు కణకణలాడతాయి. చక్రం ఆగితే మళ్ళీ నివురు కమ్ముకుంటుంది.

దీపం మీద ఊదితే దీపం ఆరిపోతుంది. బొగ్గు మీద ఊదితే నిప్పు రాజుకుంటుంది. ఎందుచేత? ఈ చిన్న ప్రశ్నకు సరైన సమాధానం దొరకడానికి మానవుడికి సుమారు నాలుగువేల ఏండ్లు పట్టింది. అయితే సమాధానం కోసం అతడు పని మానుకొని కూర్చోలేదు. ముందు ఊదాడు, తరువాత తెలుసుకున్నాడు.

ఈజిప్టు దేశంలో సక్కారా అనే చోట క్రీ. పూ. 2300 ప్రాంతపు సమాధి గోడల మీద లోహకారుల బొమ్మలు చెక్కి ఉన్నాయి. కొందరు మనుషులు నిప్పు చుట్టూ కూర్చొని పొడుగాటి గొట్టాలతో ఊదుతున్నారు. వారికి కావలసింది కంకులు కాల్చే వేడి కాదు. లోహం కరిగే వేడి. రాగి కరగాలంటే 1085 సెంటీగ్రేడు డిగ్రీలు కావాలి. తనంత తాను కాలే బొగ్గుల కుప్పలో అంత వేడిమి పుట్టదు. అందుచేత మనిషి తన ఊపిరిని నిప్పుకు అరువిచ్చాడు.

కాని మనిషి ఊపిరి ఎంతసేపని నిలుస్తుంది? సుమారు క్రీ. పూ. 1450 నాటి రెఖ్‌మిరే అనే మంత్రి సమాధిలోని చిత్రంలో లోహం కరిగించే నిప్పు దగ్గర గొట్టాలు ఊదేవారు లేరు. వారి స్థానంలో తోలుతిత్తులు వచ్చాయి. ఒక్కొక్క మనిషి రెండు తిత్తుల మీద నిలబడి ఒకదానిని కాలితో తొక్కుతూ, రెండవదానిని తాడుతో పైకి లాగుతున్నాడు. ఒక తిత్తి గాలి పీల్చుకొనే సమయంలో రెండవది వదులుతుంది కనుక నిప్పుకు గాలి తెగకుండా అందుతుంది. జంట తిత్తుల కిటుకు ఇదే.

ఆ తరువాత మనిషి కాళ్ళకు, చేతులకు కూడ విశ్రాంతి దొరికింది. చైనాలో నాన్యాంగ్ ప్రాంతానికి పాలకుడైన డు షి అనే అధికారి క్రీ. శ. 31లో నీటిచక్రంతో కొలిమితిత్తులు ఆడించే పద్ధతి ఏర్పాటు చేశాడు. ఇనుము పోతపోసి వ్యవసాయపు పనిముట్లు చేయడానికి అది ఉపయోగపడింది.

మన తెలుగు నేలకూ ఈ చరిత్రలో చోటున్నది. నిజామాబాదు ప్రాంతంలోని కోనసముద్రంలో కమ్మరులు మట్టిమూసలలో ఇనుమును ఉంచి, బొగ్గుల కొలిమిలో తోలుతిత్తులతో ఊది, ఉక్కు తయారుచేసేవారు. ఈ ఉక్కును కొనడానికి పారశీక దేశపు వర్తకులు అంతదూరం నుండి వచ్చేవారు. 19వ శతాబ్దం తొలిపాదంలో వాయిసీ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు ఈ పరిశ్రమను కళ్ళారా చూచి వర్ణించాడు. థర్మామీటరు లేకుండానే, నిప్పు రంగును బట్టి ఎంత ఊదాలో, ఎప్పుడు ఆపాలో నిర్ణయించగల నేర్పు అది.

ఇక 'ఎందుచేత' అనే ప్రశ్న సంగతి. 1660లో ఇంగ్లండులో రాబర్టు బాయిల్, గాలి తీసివేసిన పాత్రలో నిప్పు నిలవదని ప్రయోగాలతో చూపించాడు. అతనికి సహాయకుడుగా పనిచేసిన రాబర్టు హుక్ 1665లో ప్రకటించిన 'మైక్రోగ్రాఫియా' గ్రంథంలో మరొక విశేషం చెప్పాడు: మూసిన పాత్రలో బొగ్గును ఎంత కాల్చినా అది బొగ్గుగానే ఉంటుంది, మూత తీసి గాలి తగలనిస్తే కాలి బూడిద అవుతుంది. గాలిలోని ఏదో ఒక భాగమే బొగ్గును కాలుస్తున్నదని అతడు ఊహించాడు.

అయినా 18వ శతాబ్దంలో చాలామంది శాస్త్రజ్ఞులు వేరే త్రోవ పట్టారు. మండే ప్రతి వస్తువులోను 'ఫ్లోజిస్టన్' అనే పదార్థం ఉన్నదని, మండేటప్పుడు అది బయటికి పోతుందని, దానిని మోసుకొని పోవడమే గాలి పని అని వారు నమ్మారు. 1774లో ప్రీస్ట్లీ పాదరసపు భస్మం నుండి ఒక కొత్త వాయువును రాబట్టాడు. అందులో కొవ్వొత్తి ఎంతో దేదీప్యమానంగా వెలిగింది. ఆ వాయువు అసలు స్వరూపాన్ని గ్రహించినవాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లవాజియే. 1777లో అతడు దానికి పెట్టిన పేరునే మనం ఆమ్లజని అంటున్నాము. మండడం అంటే ఏదో పోగొట్టుకోవడం కాదు, ఆమ్లజనితో కలియడం అని అతడు తక్కెడతో తూచి నిరూపించాడు.

ఇప్పుడు తిత్తి పని తేటతెల్లమవుతుంది. 12 గ్రాముల కర్బనం పూర్తిగా కాలాలంటే 32 గ్రాముల ఆమ్లజని కావాలి. అనగా ఒక కిలో బొగ్గుకు దాదాపు పదకొండున్నర కిలోల గాలి పడుతుంది. గాలి చాలకపోతే బొగ్గుపులుసు వాయువుకు బదులు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఎక్కువగా పుడుతుంది. వచ్చే వేడిమి మూడోవంతుకన్న తక్కువ. మూసిన గదిలో కుంపటి ప్రాణాంతకమయ్యేది ఈ వాయువువల్లనే. ఊదిన గాలి నివురును తొలగిస్తుంది, బొగ్గును ఆవరించిన మలినవాయువును తోసివేస్తుంది, కొత్త ఆమ్లజనిని తెస్తుంది. మనం ఊదే ఊపిరిలో సైతం సుమారు 16 శాతం ఆమ్లజని మిగిలి ఉంటుంది కనుక అదీ పనికివస్తుంది. దీపం సంగతి వేరు. అక్కడ మండేది ఆవిరి. ఊపిరి దానిని చల్లబరచి చెదరగొడుతుంది. బొగ్గు వేడిని తన ఒంట్లోనే దాచుకున్న ఘనపదార్థం కనుక చెదరదు.

కారణం తెలిసినంత మాత్రాన కర్మాగారాల అలవాట్లు వెంటనే మారలేదు. అప్పటికే తిత్తుల స్థానంలో ఇనుప స్తంభకాలు వచ్చాయి. 1776లో ఇంగ్లండులో జాన్ విల్కిన్సన్ తన కొలిమికి గాలి కొట్టడానికి వాట్ ఆవిరియంత్రాన్నే పెట్టాడు. అయితే ఇనుప కొలిమి యజమానులకు ఒక గట్టి నమ్మకం ఉండేది. చలికాలంలో కొలిమి బాగా పనిచేస్తుంది. అందుచేత గాలి ఎంత చల్లగా ఉంటే అంత మంచిదని వారనేవారు. కొందరు గాలి పోయే గొట్టాల చుట్టూ మంచుగడ్డలు కూడ పేర్చారు!

వారు చూచింది నిజం. చెప్పిన కారణం తప్పు. చలికాలపు గాలిలో తేమ తక్కువ. వేసవి గాలిలోని నీటి ఆవిరి కాలే బొగ్గుతో కలిసేటప్పుడు వేడిమిని మింగివేస్తుంది. కొలిమికి మేలు చేసింది చల్లదనం కాదు, పొడితనం.

ఈ నమ్మకాన్ని పడగొట్టినవాడు జేమ్స్ బోమాంట్ నీల్సన్. అతడు స్కాట్లండులోని గ్లాస్గోలో గ్యాసు కర్మాగారంలో పనిచేస్తూ, ఆండర్సన్ విద్యాలయంలో రసాయనశాస్త్రం నేర్చుకున్నాడు. గాలిని ముందే వేడిచేసి పంపితే ఏమవుతుందని, తొలుత మామూలు కమ్మరి కొలిమి మీద పరీక్షించాడు. మంట మరింత తీవ్రమయింది. గాలిలో సుమారు నాలుగైదో వంతులు మండడానికి తోడ్పడని నత్రజని. అది చల్లగా లోపలికి వచ్చి కొలిమి వేడినే దోచుకుపోతున్నది. 1828లో నీల్సన్ ఈ పద్ధతికి పేటెంటు పొందాడు. క్లైడ్ కర్మాగారంలో ఒక టన్ను ఇనుముకు అంతకుముందు సుమారు 8 టన్నుల నేలబొగ్గు పట్టేది. 1830 నాటికి అది సుమారు 5 టన్నులకు దిగింది. గాలిని వేడిచేయడానికి కాలిన బొగ్గును కలిపి లెక్కించినా ఆదా ఆదాయే. ఇనుప పరిశ్రమ నేటికీ ఈ త్రోవనే నడుస్తున్నది.

ఈ నీల్సన్ తన గ్యాసు కర్మాగారపు కూలీల కోసం ఒక గ్రంథాలయమూ ప్రయోగశాలా ఏర్పాటు చేశాడు. చేతి నేర్పుకు కారణజ్ఞానం తోడైతే ఎంత మేలో స్వయంగా ఎరిగినవాడు గనుక, ఆ జ్ఞానం పని చేసేవారికే అందాలని కోరుకున్నాడు.

కంకులు కాల్చే మనిషి తిప్పే చక్రంలో ఈ చరిత్ర అంతా ఇమిడి ఉన్నది. ఉపాధ్యాయులు ఆ నిప్పు దగ్గర విద్యార్థులను ఒక్క నిమిషం నిలబెట్టి, చక్రం ఆగినప్పుడు ఏమి జరుగుతున్నదో చూడమంటే చాలు. దహనం పాఠంలో సగం అక్కడే పూర్తవుతుంది.