వ్యష్టి మనస్సు - సమష్టి ఆరోగ్యము



వ్యష్టి, సమష్టి యను మాటలకు మన వేదాంతులు చెట్టును, వనమును దృష్టాంతముగా చెప్పుదురు. చెట్టు తెగులెరిగినవానికి వనము విరివి తెలియకపోవచ్చును. వనమును కొలుచువానికి చెట్టు తెగులు తెలియకపోవచ్చును. మనశ్శాస్త్రము చెట్టును చూచును, జనారోగ్యశాస్త్రము వనమును చూచును. పట్టభద్రులు ఈ రెంటిని కలిపి అభ్యసింపవలసిన యవసరము మన దేశమున నెట్లు కలిగెనో విన్నవింతును.

1943లో ప్రభుత్వము నియమించిన భోర్ సంఘము 1946లో నివేదిక వెలువరించెను. అందొక లెక్క కలదు. వేయిమందికి ఇద్దరు మనోరోగులు చొప్పున, నాటి 40 కోట్ల జనములో రోగులు 8 లక్షలు. ఆసుపత్రులలో నున్న పడకలు 10 వేలకు కొంచె మెక్కువ. నేను భాషాపండితుడనే కాని గణితమెరిగినవాడను కాను. అయినను ఎనుబదిమందికి ఒక్క పడక యని నాకును తెలియుచున్నది. తక్కినవారి గతి యేమి? పెరటి కొట్టమో, గుడి మండపమో, కాలి గొలుసో!

ఈ కొరత తీర్చుటకై 1954లో బెంగుళూరున అఖిలభారత మానసికారోగ్యసంస్థ వెలసెను. అందు వైద్యులకు మనోవైద్యమును, మనశ్శాస్త్రము చదివిన పట్టభద్రులకు వైద్యమనశ్శాస్త్రమును బోధింపసాగిరి. ఇది గొప్ప మేలే. కాని నిపుణులు ఆసుపత్రి గోడల నడుమనే యున్నచో పల్లెలోని రోగికి ఒరిగిన దేమి?

అందుచే 1975లో ఆ విద్యాలయమువారే సమాజ మనోవైద్య విభాగమును నెలకొల్పి, బెంగుళూరు చేరువనున్న సకలవార గ్రామమున పని సాగించిరి. 1982లో జాతీయ మానసికారోగ్య కార్యక్రమము ఏర్పడెను. అటుపిమ్మట ఈ పద్ధతిని బళ్లారి జిల్లాలో పరీక్షించిరి. 1953 వరకు మదరాసు పాలనలో నుండిన ఆ జిల్లాలో తెలుగువారును పెక్కురు కలరు. అక్కడి ఆరోగ్యకార్యకర్తలకు మూర్ఛను, తీవ్రమైన చిత్తవికారమును గుర్తించుట నేర్పిరి. ప్రాథమిక ఆరోగ్యకేంద్రములోనే మందులిచ్చిరి. 1996లో నాలుగు జిల్లాలతో ఆరంభమైన జిల్లా కార్యక్రమములో నాటి ఆంధ్రప్రదేశ్‌లోని మెదకు జిల్లా యొకటి.

ఈ పనిలో ఏ శాస్త్రము పాలెంత? రోగి మాట వినుట, వాని భయమును గ్రహించుట, లక్షణమును పోల్చుకొనుట మనశ్శాస్త్రమున కబ్బును. ఊరిలో ఎందరు రోగులు, ఎవరికి మందందలేదు, అందినవారు నడుమ ఏల మానిరి - ఇవి జనారోగ్యశాస్త్రము వేయు ప్రశ్నలు. మొదటిది లేని లెక్కకు దయ లేదు. రెండవది లేని దయ గడప దాటదు.

కావున పెద్దలారా, మీ యింటి బిడ్డ మనశ్శాస్త్రములో పట్టము పొంది, జనారోగ్యమును గూడ చదువుదుననినచో, రెండు పడవలమీద కాళ్లు పెట్టుచున్నాడని నవ్వకుడు. రెండు పడవలను జతకట్టి బల్లలు పరచినగాని బండి ఏరు దాటదు గదా! అట్లు చదివినవారు పంపిన కార్యకర్త మీ వాకిట నిలిచి, ఇంట ఎవరికైన చిత్తము చెదిరినదా యని యడిగినపుడు, పరువు పోవునని దాచకుడు. పెరటి తలుపు తెరచి చూపుడు. ఆ తలుపు తెరచుట ఏ శాస్త్రమువలనను కాదు, మీవలననే కావలెను.