పిస్టల్ బ్యాక్‌సైట్: బిగింపు కథ

పిస్టల్ వెనక వైపు కంటికి దగ్గరగా ఉండే గాడి బ్యాక్‌సైట్, గొట్టం కొసన నిలబడే పలక ఫోర్‌సైట్. మామూలు సర్వీస్ పిస్టల్‌లో ఈ రెంటి మధ్య దూరం సుమారు 165 మిల్లీమీటర్లు. బ్యాక్‌సైట్ ఒక్క మిల్లీమీటరు జరిగిందంటే 25 మీటర్ల దూరంలో గుండు 15 సెంటీమీటర్లు అదే పక్కకు పోతుంది. హైదరాబాద్ షూటర్ ఈషా సింగ్ పోటీపడే 25 మీటర్ల పిస్టల్ విభాగంలో, ప్రిసిషన్ టార్గెట్ మీద పది పాయింట్ల వలయం వ్యాసం 5 సెంటీమీటర్లే. నడిమధ్యన పడాల్సిన గుండు అయిదు పాయింట్ల వలయం అంచున పడుతుందన్నమాట. అందుకే వదులైన బ్యాక్‌సైట్‌తో ఆయుధకారులు మొదటి నుంచీ కుస్తీ పడుతూనే ఉన్నారు. ఆ కుస్తీలో ప్రతిసారీ ఎదురైన చిక్కు ఒక్కటే: సరిదిద్దుకోవడానికి వీలున్నదేదైనా వదులు కావడానికీ వీలున్నదే.

తొలి రివాల్వర్లలో ఈ చిక్కు లేదు, ఎందుకంటే బ్యాక్‌సైట్ విడి భాగమే కాదు. కోల్ట్ 1851 నేవీ రివాల్వర్‌లో అది సుత్తి ముక్కు మీద కోసిన చిన్న గాడి. సుత్తి వెనక్కి లాగితేనే కనిపిస్తుంది. సుత్తి ఇరుసు అరిగితే గురి కూడా ఊగుతుంది. 1873 నాటి సింగిల్ యాక్షన్ ఆర్మీలో గాడిని చట్రం పైపట్టీలోనే తొలిచారు. ఇక ఊడేదీ లేదు, జరిగేదీ లేదు. కానీ గుండు ఎడమకు పోతోందంటే బ్యాక్‌సైట్‌తో చేయగలిగిందీ లేదు. బ్రిటిష్ అధికారులు మన దేశానికి తెచ్చిన వెబ్లీ రివాల్వర్లలో గాడి గొట్టాన్ని పట్టి ఉంచే కొక్కెం మీద ఉండేది. కొక్కెం వదులైతే గురీ వదులే.

ఆటోమేటిక్ పిస్టళ్లు వచ్చాక ప్రయోగాలు పెరిగాయి. మౌజర్ సీ96లో మెట్ల మీద జారే సైట్‌ను కొన్నింటిలో 1000 మీటర్ల దాకా గుర్తులు వేసి అమర్చారు. కోల్ట్ 1900 మోడల్‌లో బ్యాక్‌సైట్ సేఫ్టీగా కూడా పనిచేసేది. దాన్ని కిందికి నొక్కితే ఫైరింగ్ పిన్ ఆగిపోయేది.

నిలబడిన పద్ధతి మాత్రం డవ్‌టెయిల్. కింద వెడల్పుగా, పైన ఇరుకుగా, పిస్టల్ పైభాగాన జారే స్లైడ్‌కు అడ్డంగా కోసిన గాడిలోకి సైట్‌ను పక్కనుంచి కొట్టి దించుతారు. 1911లో అమెరికా సైన్యం తీసుకున్న కోల్ట్ పిస్టల్‌లో ఇదే ఉంది. గుండు కుడికి పడాలంటే సైట్‌ను కుడికి తట్టాలి, అంతే. పట్టు మాత్రం ఒరిపిడిదే. పేల్చిన ప్రతిసారీ స్లైడ్ వెనక్కి దూసుకెళ్లి ఠక్కున ఆగుతుంది, మళ్లీ ముందుకొచ్చి కొట్టుకుంటుంది. వేల దెబ్బలు తిన్నాక, పదేపదే తీసి వేసిన గాడిలో నూనె చేరాక, సైట్ వేలితో తోస్తేనే జరిగే స్థితికి వస్తుంది.

దీనికి పాతకాలపు వైద్యం సెంటర్ పంచ్. గాడి అడుగున నాలుగైదు చుక్కలు కొడితే ప్రతి చుక్క చుట్టూ లోహం ఉబ్బి గట్టులా లేస్తుంది. ఆ గట్లు సైట్‌ను పైకి ఒత్తి పట్టుకుంటాయి. కొందరు పల్చటి ఇత్తడి రేకు దూర్చేవారు. రెండూ పనిచేస్తాయి, కానీ సైట్ తీసిన ప్రతిసారీ గట్లు కొంత అరుగుతాయి. 1940 దశకంలో స్మిత్ అండ్ వెస్సన్ టార్గెట్ రివాల్వర్లకు క్లిక్కుల లెక్కన జరిగే మైక్రోమీటర్ సైట్లు వచ్చాయి. సర్దుబాటు సుఖమైంది, వదులయ్యే స్క్రూలూ పెరిగాయి. డవ్‌టెయిల్ సైట్లలో కొన్నింటికి పైనుంచి బిగించే సెట్ స్క్రూ చేర్చారు.

అసలు మలుపు రసాయనశాల నుంచి వచ్చింది. కోల్ట్ కర్మాగారం ఉన్న హార్ట్‌ఫర్డ్ నగరంలోనే, ట్రినిటీ కాలేజీ రసాయనశాస్త్ర ఆచార్యుడు వెర్నన్ క్రీబుల్ 1953లో లాక్‌టైట్‌కు పునాది వేశాడు. గాలి తగిలినంతసేపు ద్రవంగానే ఉండి, లోహాల సందులో గాలి అందనప్పుడు గట్టిపడే జిగురది. ఆయుధకారులకు ఇది బాగా కలిసొచ్చింది. మధ్యరకం నీలం జిగురు పెడితే తర్వాత మామూలు పనిముట్లతో ఊడదీయవచ్చు. ఎరుపు పెడితే వేడి చేయక తప్పదు. గాడిలో నూనె జిడ్డు పూర్తిగా పోకపోతే ఏదీ పట్టదు.

1982లో ఆస్ట్రియా సైన్యం ఎంచుకున్న గ్లాక్ 17లో సైట్లే పాలిమర్‌వి. అయినా బ్యాక్‌సైట్ కూర్చున్నది డవ్‌టెయిల్‌లోనే. 2015లో అదే సంస్థ ఎంఓఎస్ మోడళ్లతో స్లైడ్ మీద రెడ్ డాట్ అమర్చుకునే వీలిచ్చింది. ఇప్పుడు ఎలక్ట్రానిక్ గురిని పట్టి ఉంచేవి రెండు చిన్న స్క్రూలు. అవీ అదే దెబ్బలకు వదులవుతాయి, వాటికీ జిగురే మందు. బిగించాక స్క్రూ తల మీద నుంచి రెడ్ డాట్ చట్రం మీదకు ఒక రంగు గీత గీస్తారు. గీత విరిగిందంటే స్క్రూ తిరిగిందని అర్థం. సర్దుబాటు కావాలనుకున్నంత కాలం పూర్తి బిగింపు దొరకదు కనుక, జరిగినప్పుడు వెంటనే తెలిసే ఏర్పాటు చేసుకోవడమే ఇన్నేళ్ల అనుభవం నేర్పిన తెలివి.