షార్జాలో ఒక రాత్రి బస

ప్రయాణంలో రాత్రి ఆగే చోటు ఏదైనా మా నానీకి సరాయే. ఉమ్రాకి పోతూ షార్జాలో దిగాం. జెడ్డా విమానం పొద్దున గానీ లేదన్నారు. పదకొండు మందిని ఎయిర్‌పోర్టు హోటల్‌కి తోలారు. కౌంటర్లో మా పాస్‌పోర్టులన్నీ తీసుకుని దగ్గర పెట్టుకున్నారు. నానీకి కోపమొచ్చింది.

"సరాయిల ముసాఫిర్ని పేరడిగితె అడుగుతరు. కాగితాలు గుంజుకుంటరా?"

ఆమె ఎరిగింది నాంపల్లి సరాయి. 1919లో ఏడో నిజాం కట్టించాడు. రైలు దిగిన పేదవాడు అందులో తల వాల్చుకునేవాడు. మేం నవ్వి ఊరుకున్నాం. కానీ షార్జా చరిత్ర తిరగేస్తే నానీ మాటలో తప్పేం లేదనిపించింది.

ఈ ఊళ్లో విమాన ప్రయాణికుల బస మొదలైంది 1932లో. ఇంపీరియల్ ఎయిర్‌వేస్ విమానాలు 1929 నుంచి లండన్-కరాచీ మధ్య తిరుగుతున్నాయి. దేశం ఇంకా ముక్కలు కాలేదు కాబట్టి కరాచీ అంటే ఇండియాయే. మొదట ఇరాన్ తీరం వెంట పోయేవి. ఇరాన్ ఇక వద్దనడంతో తెల్లదొరలు అరబ్బు తీరం మీద పడ్డారు. ఆనాటి విమానం గంటకి నూట అరవై కిలోమీటర్లు పోతే గొప్ప. ఎడారి మీద చీకట్లో దారి దొరకదు. పొద్దుగూకితే దిగాలి. దిగితే తిండి కావాలి, పడక కావాలి.

షార్జా పాలకుడు షేక్ సుల్తాన్ బిన్ సఖర్‌తో ఒప్పందం రాయించుకున్నారు. స్థలానికి నెలకి 800 రూపాయల అద్దె, విమానం దిగినప్పుడల్లా 5 రూపాయలు, షేక్ సొంతానికి నెలకి 500. అవును, రూపాయలే! గల్ఫులో 1960ల దాకా చెలామణి అయింది రూపాయే. దిర్హంకి ఎన్ని రూపాయలని రోజూ లెక్క కట్టుకునే మావాళ్లకి ఈ ముచ్చట ఎవరూ చెప్పలేదు.

ఆ ఏడాది అక్టోబర్ 5న మొదటి విమానం దిగింది. ప్రయాణికుల కోసం కట్టిన బస చూడండి. అది హోటలు కాదు, కోట! బెదూయిన్లు ఎక్కడ మీదపడతారోనని భయం. షేక్ కాపలా మనుషుల్ని ఇవ్వాలి. తెలియనివాడు గుడారం ముందుకొస్తే మూడు రోజులు ఏమీ అడక్కుండా అన్నం పెట్టే జనం వాళ్లు. వాళ్ల గడ్డ మీద, వాళ్లకే భయపడి, గోడల మధ్య పడుకునే అతిథులు వీళ్లు. అరబ్బు దేశంలో ఎయిర్‌పోర్టు హోటల్ పుట్టిన తీరు ఇది. 1937లో 'ఎయిర్ అవుట్‌పోస్ట్' అని ఈ బస మీద సినిమా కూడా తీసుకున్నారు.

ఇందులో మన వైపు దారి కూడా ఒకటుంది. షార్జాలో విమానం దిగిన పది రోజులకి, అక్టోబర్ 15న, టాటా విమానం కరాచీలో టపా ఎత్తుకుంది. అహ్మదాబాద్, బొంబాయి, బళ్లారి మీదుగా మద్రాసు చేరింది. ఆ తర్వాత బళ్లారిలో దిగిన సీమ ఉత్తరాలు ఎన్ని షార్జాలో రాత్రి ఆగి వచ్చాయో! ఉత్తరాలకి దొరికిన దారి మా మనుషులకి దొరకడానికి నలభై ఏళ్లు పట్టింది. 1970ల్లో చమురు డబ్బు పొంగాక కడప, కరీంనగర్, హైదరాబాద్ నుంచి బయల్దేరారు. వాళ్ల బస బొంబాయిలో ఏజెంట్ల గదులు. వీసా వచ్చేదాకా ఒక చాప మీద ముగ్గురు. ఆ రాత్రుల్ని ఎవరూ సినిమా తీయలేదు.

హోటల్లో రాత్రి నానీకి వేణ్నీళ్లు కావాలంటే ఒక పిల్లగాడు తెచ్చాడు. మేం తెలుగులో మాట్లాడుకోవడం విని ఆగిపోయాడు. జగిత్యాల దగ్గరి ఊరట.

"మీరు తురకోళ్లు గదా, తెలుగెట్లొచ్చు?"

"నీకెట్లొచ్చెనో గట్లనే, బిడ్డా" అంది నానీ.

సిగ్గుపడి నవ్వాడు. ఆరేళ్ల నుంచి ఇక్కడే పని. అమ్మ ఫోటో చూపించాడు. నానీ మళ్లీ పాస్‌పోర్టుల గోల ఎత్తుకుంది, పోతే ఎట్లా అని.

"మీయి పొద్దుగాల ఇస్తరు, అవ్వా. నాది ఆరేండ్ల సంది కంపెనీ తాననే ఉన్నది."

నానీ ఇంకేం మాట్లాడలేదు. సంచిలోంచి ఖజూర్ తీయబోయి, ఇంటి నుంచి తెచ్చిన సకినాలు తీసి వాడి చేతిలో పోసింది.

పొద్దున మా పాస్‌పోర్టులు మాకొచ్చాయి. 1977లో విమానాశ్రయం ఊరి బయటికి పోయాక పాత రన్‌వే కింగ్ అబ్దుల్ అజీజ్ వీధి అయింది. కోటని 2000లో మ్యూజియం చేశారు. చూద్దామనుకున్నాం, మాకు టైము దొరకలేదు. పిల్లగాణ్ని అడిగితే, ఆ వీధిలో బస్సులో పోతుంటాడట గానీ లోపలికి ఎన్నడూ పోలేదట. సెలవు దొరికిన రోజు నిద్రపోతాడట.