అడవి ఎవరిది? గూడెం–రంప కొండల చరిత్ర

పర్యావరణ సమస్య అనగానే మనిషికీ ప్రకృతికీ మధ్య ఘర్షణ అని సాధారణంగా భావిస్తాం. సమాజశాస్త్రం మరో ప్రశ్న వేస్తుంది: ఏ మనుషులు? వనరులపై హక్కును ఎవరు, ఎవరి కోసం నిర్ణయించారు? తూర్పు కనుమలలోని గూడెం–రంప కొండల చరిత్ర ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలిద్దాం.

ఈ కొండలలో కోయలు, కొండరెడ్లు మొదలైన గిరిజనులు పోడు వ్యవసాయం చేసేవారు. చెట్టూ పొదా నరికి, ఎండిన తరువాత కాల్చి, బూడిద కలిసిన నేలలో విత్తేవారు. కొన్నేళ్లకు ఆ నేలను వదిలి మరోచోటికి మారేవారు. వదిలిన చోట అడవి తిరిగి పెరిగేది. జనాభా తక్కువగా, అడవి విస్తారంగా ఉన్నంతకాలం ఈ పద్ధతి సాగింది.

బ్రిటిష్ ప్రభుత్వ దృష్టి వేరు. దానికి రైలు పట్టాల కింద వేసే స్లీపర్లకు కలప కావాలి. 1864లో అటవీ శాఖ ఏర్పడింది. 1878 నాటి భారత అటవీ చట్టాన్ని మద్రాసు ప్రభుత్వం తన రాష్ట్రంలో అమలుచేయడానికి అంగీకరించలేదు. అడవులపై గ్రామస్థులకు పూర్వం నుంచి హక్కులున్నాయని వాదించింది. అయినా 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అడవులలో పోడు నేరమైంది. తాతల నాటి సేద్యం చేసినవాడే ఆక్రమణదారు అయ్యాడు.

అంతకుముందే, 1879లో, కల్లుపై పన్నుకూ మన్సబుదారు అధిక వసూళ్లకూ వ్యతిరేకంగా రంప పితూరీ చెలరేగింది. కనుక కొండలలో కూడా అందరి ప్రయోజనాలూ ఒకటి కావని గమనించండి. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడులు జరిగాయి. పోడుపై ఆంక్షలు, రోడ్డు పనులలో వెట్టిచాకిరీ ఈ తిరుగుబాటుకు ముఖ్య కారణాలు.

అటవీవాసులకు చారిత్రక అన్యాయం జరిగిందని 2006 అటవీ హక్కుల చట్టం తన పీఠికలోనే అంగీకరించింది. 2005 డిసెంబరు 13 నాటికి గిరిజనుల సాగులో ఉన్న అటవీ భూమిపై, 4 హెక్టార్లకు మించకుండా, హక్కు పొందే అవకాశం కల్పించింది. అయితే హక్కు పత్రం చేతికి రానివారికి పోడు వివాదం ఇంకా జీవన్మరణ సమస్యే.

కాబట్టి అడవిని కాపాడాలా వద్దా అన్నదొక్కటే ప్రశ్న కాదు. దాన్ని ఎవరి హక్కులతో, ఎవరి నష్టంతో కాపాడుతున్నామో కూడా అడగాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: మీ ఊరి చెరువును గాని, పశువుల మేత బీడును గాని తీసుకోండి. దానిపై నిర్ణయాధికారం గత రెండు తరాలలో ఎవరి నుంచి ఎవరికి మారింది? పెద్దలను అడిగి పది వాక్యాలలో రాయండి.