చదరంగపు గళ్ళలోని గింజలు

మా జైనూరు ప్రాంతమున జొన్నకల్లములో రాశి కొలుచుట మీరెఱిగినదే. నేడు ఏ కొలతకును లొంగని యొక రాశినిగూర్చి ముచ్చటింతును. చదరంగమునకు 64 గళ్ళు. మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు గడిగడికి రెట్టించినచో మొత్తమెంత?

ఈ మొత్తమును తెలుగున ఒక చంపకమాలలో బంధించినవాడు పావులూరి మల్లన. పెద్దలు ఈతనిని నన్నయకాలపువానిగా నెంతురు. తొమ్మిదవ శతాబ్దిలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలమున జైనాచార్యుడగు మహావీరుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును ఈతడు తెనిగించెను.

పద్యమున అంకెలుండవు, పేర్లుండును. శశి యన్న ఒకటి, వేదములన్న నాలుగు, శరములన్న అయిదు, గగనమన్న సున్న. తాటాకుపై అంకె చెడిపోవచ్చును గాని, పద్యమున మాట తప్పినచో చాలచోట్ల గణమో యతియో చెడి చెవి పసిగట్టును. అయినను ఇది పూర్తి కాపుదల కాదు. ‘వేద’ యన్నచోట ‘బాణ’ యని చదివినచో ఛందస్సు చెడదు. లెక్క మాత్రము చెడును.

చెడినదో లేదో తెలియుటెట్లు? నా అనుభవ మొకటి చెప్పెదను. బాల్యమున ఆ పద్యమును కంఠస్థము చేసితిని గాని లెక్క వేసి చూడలేదు. ఉపాధ్యాయుడనైన తొలినాళ్ళలో దానిని చదువుచు, నోటికి వచ్చిన వరుసనే 5, 1, 6, 1 అని యెడమనుండి నల్లబల్లపై వ్రాసితిని. చివర 1 వచ్చినది. ఒక రైతుబిడ్డ లేచి, “సారూ, రెట్టించుకొనుచు పోయిన కడపటి అంకె 2, 4, 8, 6 గా తిరుగుచున్నది గదా! 65వ గడి యున్నచో అది 6తో ముగియును. మన మొత్తము దానికి ఒకటి తక్కువ. చివర 5 ఉండవలెను” అనెను. సిగ్గుపడితిని. అంకెలు కుడినుండి యెడమకు నడచునని గురువుగారు చెప్పిన నియమమునే మఱచితిని!

ఆ రాత్రి దీపము పెట్టుకొని 16ను 16తో గుణించితిని, 256. దానిని దానితోనే గుణింప 65,536. మఱల అట్లే చేయగా 4,29,49,67,296. నాల్గవ గుణకారమునకు తెల్లవాఱబోయినది. వచ్చినదానిలో ఒకటి తీసివేయగా 1,84,46,74,40,73,70,95,51,615. మల్లన పద్యములోని ఇరువది అంకెలలో ఒక్కటియు తప్పలేదు.

వేయి జొన్నగింజలు సుమారు 30 గ్రాములు తూగును. ఆ లెక్కన ఈ రాశి 55,000 కోట్ల టన్నులు. నేడు లోకమంతటి ధాన్యపుపంట ఏటికి సుమారు 300 కోట్ల టన్నులు; కావున ఈ రాశి ఇంచుమించు 180 ఏండ్ల పంటకు సమానము.

ఈ సంఖ్యను 3, 5, 17, 257, 65,537 నిశ్శేషముగా భాగించును. ఆ భాగహారములన్నియు వరుసగా చేసిన మిగులునది 4,29,49,67,297. ఇది యిక విడిపోదని ఫ్రాన్సుదేశపు ఫెర్మా తలంచెను. 1732లో ఆయిలర్ అనునతడు ఇది 641చే భాగింపబడునని చూపెను. అంతటివానికే పొరపాటు కలిగెనని విన్నప్పుడు, ఆనాటి నల్లబల్ల తలంపునకు వచ్చి నాకు కొంత ఊరట కలిగినది.