సికింద్రాబాద్ చారిత్రక చర్చిలు, ఆరాధనా స్థలాలు

హైదరాబాద్‌కు జంటనగరమైన సికింద్రాబాద్‌లో 19వ శతాబ్దంలో వెలసిన చర్చిలు, గుళ్లు చాలావరకు సైనిక శిబిరాన్ని ఆనుకుని పుట్టినవే. 1798లో నిజాంకూ ఈస్టిండియా కంపెనీకీ కుదిరిన సైన్య సహకార ఒప్పందం తర్వాత హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన కంపెనీ పటాలాలు దిగాయి. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు మీద ఊరికి సికింద్రాబాద్ అని పేరు పెట్టారు. పాతవాళ్లకు మాత్రం ఇది ఇప్పటికీ లష్కరే, అంటే సైనిక శిబిరమే.

ఇక్కడి చర్చిల్లో పాతది మారేడ్‌పల్లి వైపు ఉన్న సెయింట్ జాన్స్ చర్చి. బాప్తిస్మమిచ్చు యోహాను పేరిట 1813లో, పటాలంలోని ఆంగ్లికన్ల కోసం కట్టారు. సరిగ్గా అదే ఏడాదితో ఉజ్జయిని మహంకాళి గుడి కథా మొదలవుతుంది. పటాలంలో డోలీ మోసే సురిటి అప్పయ్య అప్పుడు ఉజ్జయినిలో ఉన్నాడు. ఇక్కడ సికింద్రాబాద్‌లో కలరా ప్రబలితే, తన ఊరు చల్లబడాలని అక్కడి మహంకాళికి మొక్కుకున్నాడు. తిరిగొచ్చాక 1815లో కొయ్య విగ్రహం ప్రతిష్ఠించాడు. 1864లో దాని స్థానంలో రాతి విగ్రహం వచ్చింది. తెల్లదొరల ప్రార్థనకు చర్చి, డోలీ మోసిన మనిషి మొక్కుకు గుడి: రెండూ ఒకే పటాలం నుంచి రెండేళ్ల తేడాతో వచ్చాయి. సికింద్రాబాద్ చరిత్ర తెలుసుకోవాలనుకునేవారు ఈ రెంటినీ ఒకే రోజు చూడడం మంచిది. చర్చిని దొరల కట్టడంగా, గుడిని బోనాల వేడుకగా విడదీసి చూస్తే అసలు కథ దొరకదు. ఆషాఢంలో జరిగే లష్కర్ బోనాలకు జనరల్ బజార్ వీధులు కిక్కిరిసిపోతాయి. మరునాడు ‘రంగం’ అనే తంతులో పచ్చికుండ మీద నిలబడి ఒక స్త్రీ భవిష్యవాణి చెబుతుంది.

పటాలంలో ఐరిష్ కాథలిక్ సైనికులు కూడా ఉండేవారు. వారి అవసరాన్ని చూసిన ఐర్లండ్ గురువు డేనియల్ మర్ఫీ చొరవతో సరోజినీదేవి రోడ్డులోని సెయింట్ మేరీస్ చర్చి 1850లో పూర్తయింది. మర్ఫీ ఆ తర్వాత ఆస్ట్రేలియాలోని హోబర్ట్‌కు ఆర్చ్‌బిషప్ అయ్యాడు. గోథిక్ శైలిలోని ఈ చర్చికి 2008లో బసిలికా హోదా దక్కింది.

బొల్లారంలోని హోలీ ట్రినిటీ చర్చిది మరో ప్రత్యేకత. విక్టోరియా రాణి సొంత విరాళంతో 1847లో దీన్ని కట్టారు. 1983 నవంబరు 20న రెండో ఎలిజబెత్ రాణి తన పెళ్లిరోజు నాడు ఇక్కడికే ప్రార్థనకు వచ్చింది. రంగుటద్దాల కిటికీలు చూడదగ్గవి. దగ్గర్లోని పాత సమాధుల మీది రాతలను తప్పక చదవాలి. తిరుమలగిరిలో 1860 నాటి ఆల్ సెయింట్స్ చర్చి కూడా సైనికుల కోసం కట్టిందే. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక ఈ ఆంగ్లికన్ చర్చిలన్నీ దాని కిందికి వచ్చాయి.

మెదక్ చర్చికీ ఈ శిబిరంతోనే బంధం. వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ 1895లో మొదట వచ్చింది సికింద్రాబాద్‌కే. తిరుమలగిరిలో సైనికులకు సేవ చేస్తూ, పల్లెల్లో పని చేయాలనే కోరికతో మెదక్ వెళ్లాడు. ఆయన కట్టించిన మహాదేవాలయాన్ని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు.

దర్శనానికి వెళ్లేవారు కొన్ని సంగతులు గుర్తుంచుకోవాలి. ఇవన్నీ నేటికీ ఆరాధన జరుగుతున్న చోట్లు. ఆదివారం ఉదయం చర్చిలో ఆరాధన సాగుతుంటుంది కాబట్టి, కట్టడం చూడడానికే వచ్చేవారు మిగతా రోజుల్లో వెళ్తే ఇబ్బంది ఉండదు. ఫోటోలకు ముందుగా అనుమతి అడగాలి. మహాత్మాగాంధీ రోడ్డులోని పార్సీల అగ్ని ఆలయంలోకి పార్సీలకు తప్ప ఇతరులకు ప్రవేశం లేదు. దాన్ని వీధిలోంచే చూసి రావాలి. చర్చి గోడల మీది స్మారక ఫలకాలను, ఆవరణలోని సమాధి రాళ్లను చేతితో రుద్దవద్దు, వాటి మీద కూర్చోవద్దు. పటాలాల మనుషుల పేర్లు మిగిలింది వాటి మీదే.