ఉక్క, ఉప్పు, మా అంబాసిడర్

విశాఖలో పాత కారు నడపడానికి ఏడాదిలో ఎన్ని నెలలు బాగుంటాయని అడిగితే మా మామయ్యగారు ఠక్కున "మూడున్నర" అనేవారు. నవంబరు నెలాఖరు నుంచి మార్చి మధ్యదాకా అన్నమాట. మిగతా ఎనిమిదిన్నర నెలలూ కారును నడపడం ఉండదట, కాపాడుకోవడమే. ఆయన వదిలివెళ్ళిన 1987 మోడల్ అంబాసిడర్ ఇప్పుడు మా క్వార్టర్ పక్కన రేకుల షెడ్డు కింద ఉంది. దాన్ని ఇక్కడే ఉంచాలా, హైదరాబాదులో ఉన్న మా మరిదికి ఇచ్చెయ్యాలా అన్నది రెండేళ్ళుగా మా ఇంట్లో తేలడం లేదు. ఆ వాదనలో పడే నేను ఈ కారు పుట్టుపూర్వోత్తరాలు తిరగేశాను.

దీని పుట్టిల్లు ఇంగ్లండు. అక్కడి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీ అనే కారునే హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు కలకత్తా దగ్గర ఉత్తరపాడాలో 1957 నుంచి అంబాసిడర్ పేరుతో తయారుచేశారు. తమాషా ఏమిటంటే మన విశాఖలో కాల్టెక్స్ రిఫైనరీ మొదలైందీ ఆ ఏడాదే. ఇక పోర్టు, షిప్‌యార్డు, తర్వాత మా స్టీల్‌ప్లాంటు, ఎక్కడ చూసినా ఆఫీసుల ముందు తెల్ల అంబాసిడర్లే. చలిదేశంలో, చినుకుల్లో తిరగడానికి గీసిన బొమ్మను తెచ్చి మన ఉక్కపోతలో నిలబెట్టారు.

ఉక్క అంటే గుర్తొచ్చింది. ఉక్కు, ఉక్క, ఒక్క కొమ్ము తేడా. తెలుగు బీఏ చదివినదాన్ని కదా, ఇలాంటివి కనబడితే ఊరుకోలేను. ఆ రెండూ కలిసి కాపురం చేసే ఊరు మాది.

విశాఖ ఎండ విజయవాడ ఎండలాంటిది కాదు. థర్మామీటరు చూస్తే మే నెలలో కూడా అంత భయపెట్టదు, సముద్రపు గాలి వేడిని కొంత అడ్డుకుంటుంది. కానీ ఆ గాలి తేమను మోసుకొస్తుంది, చెమట ఆరదు. ఏసీ లేని అంబాసిడర్‌లో రెగ్జిన్ సీటుకు వీపు అతుక్కుపోతుంది. ముందు తలుపుల్లో ముక్కోణపు చిన్న అద్దం ఉంటుంది చూడండి, దాన్ని కొంచెం వాలుగా తిప్పితే గాలి తిన్నగా ముఖానికి కొడుతుంది. ఏసీ కార్లలో పెరిగిన మా పిల్లలకు అదొక వింత. ఇక కార్బురేటర్ బళ్ళకు వేసవిలో ఇంకో జబ్బు. ఇంజను వేడికి గొట్టంలోనే పెట్రోలు ఆవిరైపోయి, సిగ్నల్ దగ్గర బండి ఆగి మళ్ళీ కదలదు. వేపర్ లాక్ అంటారు. మామయ్యగారు డిక్కీలో ఒక పాత తువ్వాలు, నీళ్ళ సీసా ఎప్పుడూ ఉంచేవారు. తడిపిన గుడ్డ పెట్రోలు పంపు మీద కప్పి పది నిమిషాలు ఆగితే బండి స్టార్టయ్యేది. జ్వరం వచ్చిన పిల్లకు తడిగుడ్డ వేసినట్టే. ముసురు పడితే దీనికి తిరగబడ్డ కథ. తెల్లారేసరికి డిస్ట్రిబ్యూటర్ మూతలో తేమ చేరి నిప్పురవ్వ పుట్టదు. అప్పుడు కావలసింది పొడిగుడ్డ.

ఇవన్నీ భరించవచ్చు. భరించలేనిది ఉప్పు.

వంటింట్లో ఉప్పు జాడీ మూత తీసి పెట్టండి, వానాకాలంలో మర్నాటికి చెమ్మగిల్లి ముద్దవుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ ఉంటుంది, గాలిలో తేమను అదే బాగా లాగుతుంది. అలల తుంపర నుంచి లేచిన ఆ ఉప్పు గాలిలో వచ్చి కారు అడుగుభాగాన, తలుపుల మడతల్లో కూర్చుంటుంది. వాన పడకపోయినా అక్కడ ఒక పల్చటి ఉప్పునీటి పొర సిద్ధం. ఇనుముకు అంతకన్నా శత్రువు లేదు. ఢిల్లీలో ఇనుప స్తంభం పదహారు వందల ఏళ్ళుగా దాదాపు చెక్కుచెదరకుండా ఉంటే, కోణార్క్‌లోని పదమూడో శతాబ్దపు ఇనుప దూలాలు తుప్పు తినేసి ఉన్నాయి. ఢిల్లీ ఇనుములో భాస్వరం ఎక్కువ ఉండటం ఒక కారణమైతే, అక్కడి పొడిగాలి, కోణార్క్ సముద్రపు గాలి ఇంకో కారణం.

అంబాసిడర్‌కు ఈ తుప్పు మరీ ప్రమాదం ఎందుకంటే దానికి విడిగా ఛాసీ ఉండదు. నేల రేకు, గుమ్మాల కింది పెట్టెల్లాంటి భాగాలు, పైకప్పు, అన్నీ కలిసే బరువు మోస్తాయి. పైన రంగు మెరుస్తున్నా గుమ్మం కింద తుప్పు పడితే ఇంటికి చెదపట్టినట్టే. టింకరింగ్ షాపులో పుట్టీ పెట్టి రంగు వేస్తే కంటికి కనబడదు, అంతే. ఉక్కునగరంలో ఉంటూ రేకు దొరకదా అని చుట్టాలు ఎగతాళి చేస్తుంటారు. మా ప్లాంటులో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని మూడు బ్లాస్ట్ ఫర్నేసులున్నాయి గానీ, బయటికి వచ్చేవి కడ్డీలు, వైర్ రాడ్లు, యాంగిళ్ళ వంటివి. కార్ల రేకు ఇక్కడ పుట్టదు.

2014 మేలో ఉత్తరపాడాలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. అదే ఏడాది అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను నేరుగా విశాఖ మీదికే వచ్చింది. మా టౌన్‌షిప్‌లో ఎన్ని చెట్లు కూలాయో లెక్కలేదు. నాకు ఆ తర్వాతి రోజులే ఎక్కువ గుర్తు. కరెంటు లేదు, కుళాయి లేదు, గాలి మోసుకొచ్చిన ఉప్పు కారంతా పట్టేసి ఉంది. తాగేందుకే నీళ్ళు వెతుక్కుంటుంటే కారు ఎవరు కడుగుతారు? ఎడమ వైపు వెనక మడ్‌గార్డుకు చిల్లులు పడటం ఆ శీతాకాలంలోనే మొదలైంది.

మరి ఇంత కష్టమైతే ఎందుకు ఉంచుకోవడం? ఆ మూడున్నర నెలల కోసం. డిసెంబరు పొద్దున్నే బీచ్ రోడ్డు మీద భీమిలి వైపు, ఎర్రమట్టి దిబ్బలు దాటి, సరుగుడు తోటల పక్కనుంచి, అద్దాలన్నీ దించి వెళ్తే తెలుస్తుంది. ముందు సీటు ఒకే బెంచీ కావడంతో ముగ్గురం పక్కపక్కనే కూర్చుంటాం. ఈ కారుకు అన్నిటికన్నా హాయైన రోడ్డూ, అన్నిటికన్నా హాని చేసే రోడ్డూ ఒకటే. ఇంటికి రాగానే అడుగుభాగం మంచినీళ్ళతో కడగనిదే మా వారు కాఫీ ముట్టరు. అరకు ఘాట్ రోడ్డు సంగతి వేరు. వేసవిలో అనంతగిరి ఎక్కితే రేడియేటర్ మరిగి పొగలు కక్కుతుంది. జనవరిలో అయితే అదే ఎక్కుడు, అదే 1489 సీసీ ఇంజను, కూనిరాగం తీస్తూ ఎక్కేస్తుంది.

ఇంగ్లండులో పాత కార్ల వాళ్ళది మనకు సరిగ్గా ఎదురు లెక్క. అక్కడ శీతాకాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు గనుక అప్పుడు షెడ్లో పెట్టేసి వేసవిలో బయటికి తీస్తారు. క్యూబాలో హవానా తీరాన 1950ల నాటి అమెరికా కార్లు ఉప్పుగాలిలోనే ఇప్పటికీ టాక్సీలుగా తిరుగుతున్నాయి. ఆంక్షల వల్ల అమెరికా నుంచి కొత్తవి రాక, ఉన్నవాటినే అతుకులేసి నడుపుకున్నారు. వాటిలో చాలావాటికి ఛాసీ విడిగా ఉండటం కూడా కలిసొచ్చింది.

మా మరిది వాదన నిజానికి సబబే. దక్కను గాలి పొడి. నిజాం కోసం 1912లో చేసిన రోల్స్‌రాయిస్ ఇప్పటికీ చౌమహల్లా ప్యాలెస్‌లో నిలబడి ఉంది కదా, హైదరాబాదులో మన కారూ ఇంకో ముప్పై ఏళ్ళు ఉంటుంది అంటాడు. ఉంటుంది. కానీ అక్కడ అపార్టుమెంటు సెల్లారులో కవరు కప్పుకుని ఉంటుంది. పైగా 2021 నిబంధనల ప్రకారం యాభై ఏళ్ళు దాటితేనే వింటేజ్ కింద లెక్క, అప్పుడు రోజువారీగా రోడ్డు మీద తిప్పకూడదు కూడా. మా కారుకు అంత వయసు లేదు, కాబట్టి అయిదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. ఇప్పటి పెట్రోలులో కలిపే ఇథనాల్ కూడా తేమను పీల్చేదే, పాత రబ్బరు గొట్టాలకు పడదు. మొన్ననే అవి మార్పించాం.

వచ్చే పొడిగింపు 2027లో. ఫిట్‌నెస్‌కు వెళ్ళేముందు గుమ్మాల కింద రేకు కోసి కొత్తది వెల్డింగ్ చెయ్యాలని మెకానిక్ చెప్పాడు. మా వారు పని మొదలుపెట్టమన్నారు. మా మరిదికి ఈ సంగతి ఇంకా చెప్పలేదు, సంక్రాంతికి వస్తాడుగా, భీమిలి తీసుకెళ్ళి చెబుదామని అత్తయ్య అంటున్నారు.